కొత్త సర్వర్, పాత ఫైలు: కెర్నల్ పారామీటర్లను ఎలా పరీక్షించాలి?

(సిస్టమ్ అడ్మిన్లకు, ఇంజనీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులకు హైదరాబాద్‌లో జరిగిన శిక్షణలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు స్క్రీన్ మీద అక్షరాలు కనిపిస్తున్నాయా? కనిపించకపోతే ముందుకు రండి, ఇక్కడ ఖాళీ కుర్చీలున్నాయి. ఫర్వాలేదు, రండి. కమాండ్లు నేను నోటితో కూడా చెబుతాను, రాసుకునేవాళ్లు రాసుకోవచ్చు.

సూటిగా విషయానికి వస్తాను. 2024 జూన్ 30తో సెంటాస్ 7 అనే లైనక్స్‌కు అప్‌డేట్లు ఆగిపోయాయి. ఇది అందరికీ తెలిసిందే. ఇప్పటికీ సెంటాస్ 7 నుంచి అదే కుటుంబంలోని కొత్త లైనక్స్‌లైన రాకీ 9కో, ఆల్మా 9కో మారే పనిలో ఎంతమంది ఉన్నారు? ఒకసారి చేతులెత్తండి. చూశారా, దాదాపు సగం హాలు. సరే, చేతులెత్తినవాళ్లకే ఇంకో ప్రశ్న. కొత్త సర్వర్ ఇన్‌స్టాల్ అయింది, లాగిన్ అయ్యారు. మొదట చేసే పని ఏమిటి? అవును, ఆయన చెప్పిందే. పాత సర్వర్లో ఉన్న సిస్‌సీటీఎల్ డాట్ కాన్ఫ్ ఫైలు, అంటే కెర్నల్ సెట్టింగులు రాసుకునే ఫైలు, తెచ్చి ఇక్కడ పెడతాం. సిస్‌సీటీఎల్ హైఫన్ పీ అని కొడతాం. లైన్లు టకటకా పడతాయి. టికెట్ క్లోజ్.

ఆ టికెట్ అప్పుడే క్లోజ్ చేయొద్దని చెప్పడానికే వచ్చాను నేను. ఈ గంటసేపు చెప్పేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే. కెర్నల్ సెట్టింగ్ రాసినంత మాత్రాన పని చేసినట్టు కాదు. కొత్త మెషీన్ మీద, ఒక్కో లైనూ, లోడ్ పెట్టి, రీబూట్ చేసి, అది నిజంగా ఏదో మారుస్తోందని చూసుకోవాలి. ఏమీ మార్చని లైను ఫైల్లో ఉండకూడదు.

విద్యార్థులున్నారు కాబట్టి రెండు నిమిషాలు మొదటినుంచి చెబుతాను, మిగతావాళ్లు ఓపిక పట్టండి. లైనక్స్ కెర్నల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి ప్రోగ్రామ్, నడుస్తుండగానే దానిలోని చాలా విలువలను బయటినుంచి మార్చుకోవచ్చు. మెమరీ నిండినప్పుడు స్వాప్‌ను, అంటే మెమరీకి బదులుగా డిస్క్ మీద పెట్టుకున్న చోటును, ఎంత వాడాలి, ఒక పోర్టు దగ్గర ఎన్ని కనెక్షన్లు క్యూలో నిలబడొచ్చు, ఎన్ని ఫైళ్లు తెరవొచ్చు, ఇలాంటివి. ఇవన్నీ ప్రాక్ స్లాష్ సిస్ అనే డైరెక్టరీ కింద మామూలు ఫైళ్లలాగే కనిపిస్తాయి. సిస్‌సీటీఎల్ అనే కమాండ్ వాటినే చదువుతుంది, వాటిలోనే రాస్తుంది. ఇది ఒక రకం. రెండో రకం బూట్ అయ్యేటప్పుడే కెర్నల్‌కు ఇచ్చేవి. అవి కెర్నల్‌ను లోడ్ చేసే గ్రబ్ అనే బూట్‌లోడర్‌లో ఉంటాయి, మార్చాలంటే రీబూట్ తప్పదు. ప్రస్తుతం ఏమేం ఇచ్చారో ప్రాక్ కింద సీఎమ్‌డీలైన్ ఫైలు చూస్తే తెలుస్తుంది. అంతే. ఇక మన విషయం.

సెంటాస్ 7 కెర్నల్ ఎంత? 3.10. రాకీ 9 కెర్నల్? 5.14. ఆ రెండు నంబర్ల మధ్య ఎన్నేళ్ల పని జరిగిందో ఆలోచించండి. ఆ కాలంలో డిఫాల్ట్ విలువలు మారాయి, కొన్ని పారామీటర్లు పూర్తిగా పోయాయి, కొన్నింటి అర్థమే మారింది. పాత ఫైలును అలాగే తెచ్చి పెట్టడమంటే పదేళ్ల కిందట డాక్టర్ రాసిచ్చిన చీటీ పట్టుకుని ఇవాళ మందుల షాపుకు వెళ్లడమే.

ఉదాహరణకు సోమాక్స్‌కాన్ తీసుకుందాం. పూర్తి పేరు నెట్ డాట్ కోర్ డాట్ సోమాక్స్‌కాన్. ఒక సర్వర్ ప్రోగ్రామ్ లిజన్ అని పిలిచినప్పుడు, యాక్సెప్ట్ కాకుండా క్యూలో ఆగగల కనెక్షన్లకు ఇది పై హద్దు. పాత కెర్నల్లో డిఫాల్ట్ 128. అది తక్కువని అందరూ 1024 పెట్టుకునేవారు. అప్పట్లో అది సరైన పనే. కానీ 5.4 కెర్నల్ నుంచి డిఫాల్ట్ 4096 అయింది. ఇప్పుడు చెప్పండి, పాత ఫైల్లోని 1024 కొత్త మెషీన్ మీద ఏం చేస్తుంది? పెంచుతుందా, తగ్గిస్తుందా? తగ్గిస్తుంది! పెంచుతున్నామనుకుంటూ నాలుగో వంతుకు దించుతున్నాం. ఎర్రర్ రాదు. వార్నింగ్ రాదు. ట్రాఫిక్ పెరిగిన రోజున కనెక్షన్లు పడిపోతాయి, అప్పుడు అందరం నెట్‌వర్క్ టీమ్ వైపు చూస్తాం.

ఇదొక్కటే కాదు. కెర్నల్ డాట్ షమ్‌మ్యాక్స్ చూడండి. ప్రోగ్రాములు కలిసి వాడుకునే షేర్డ్ మెమరీలో ఒక్కో ముక్కకు ఇది పై హద్దు. సెంటాస్ 6 కాలంలో ఆ ఫైల్లో 64 జీబీ విలువ ముందే రాసి వచ్చేది. 3.16 కెర్నల్ నుంచి అసలు డిఫాల్టే ఆచరణలో హద్దు లేనంత పెద్దది. ఆరు నుంచి ఏడుకు, ఏడు నుంచి తొమ్మిదికి ఆ లైను మోసుకొచ్చి 256 జీబీ ఉన్న డేటాబేస్ సర్వర్ మీద పెడితే, లేని హద్దును మనమే గీసినట్టు. పోస్ట్‌గ్రెస్ నడిపేవాళ్లకైతే 9.3 వెర్షన్ నుంచి, అంటే 2013 నుంచి, ఈ సెట్టింగ్‌తో దాదాపు పనే లేదు. అయినా ఇంటర్నెట్‌లో ఏ వ్యాసం చూసినా ఈ లైను ఉంటుంది.

ఒరాకిల్ డేటాబేస్ నడిపేవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఉన్నారు కదా. కెర్నల్ డాట్ సెమ్ కింద, అంటే సెమాఫోర్ల హద్దుల కింద, 250, 32000, 100, 128 అని నాలుగు అంకెలు మీకు కంఠతా వచ్చి ఉంటాయి. కొత్త కెర్నల్లో డిఫాల్ట్‌గా ఆ చోట ఉండేవి 32000, 1024000000, 500, 32000. ఏది ఎక్కువ? ఒరాకిల్ డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంటుంది, ఇవి కనీస విలువలు, మీ మెషీన్లో అంతకన్నా ఎక్కువ ఉంటే ముట్టుకోవద్దని. ఆ వాక్యం ఎవరూ చదవరు, టేబుల్ మాత్రం కాపీ చేస్తారు.

ఇక టీసీపీ టీడబ్ల్యూ రీసైకిల్. దీని గురించి కొంచెం సేపు మాట్లాడాలి, ఎందుకంటే మన దేశంలో ఇది చాలామందిని ఏడిపించింది. టైమ్-వెయిట్‌లో, అంటే మూసేశాక కాసేపు ఆగే దశలో, ఉన్న కనెక్షన్లను త్వరగా వదిలించుకోవడానికి దీన్ని 1 చేసేవారు. ఇది అవతలి ఐపీ నుంచి చివరగా వచ్చిన టైమ్‌స్టాంప్‌ను గుర్తుపెట్టుకుని, అంతకన్నా పాత టైమ్‌స్టాంప్‌తో వచ్చిన కొత్త కనెక్షన్‌ను పక్కన పడేస్తుంది. ఒక ఐపీ వెనక ఒకే మెషీన్ ఉంటే సమస్య లేదు. మొబైల్ నెట్‌వర్కుల్లో ఏం జరుగుతుంది? ఒకే పబ్లిక్ ఐపీ వెనక ఎంతోమంది ఉంటారు, ఎవరి ఫోన్ గడియారం వాళ్లది. కొందరికి సైట్ తెరుచుకుంటుంది, కొందరికి తెరుచుకోదు. ఆఫీసు వైఫైలో బాగానే ఉంటుంది, బయట ఫోన్లో రాదు. ఎంత వెతికినా దొరకని సమస్య. చివరికి 2017లో వచ్చిన 4.12 కెర్నల్లో దీన్ని పూర్తిగా తీసేశారు. కాబట్టి కొత్త మెషీన్లో ఆ ఫైలే లేదు. మీరు ఆ లైను ఉంచితే బూట్ అయ్యేటప్పుడు సర్వీసులను లేపే సిస్టమ్‌డీ ఒక మెసేజ్ రాస్తుంది, రాయలేకపోయాను, వదిలేస్తున్నాను అని. వదిలేస్తున్నాను అంది కదా, ఉంటే నష్టమేమిటని అడగొచ్చు. లాగ్‌లో రోజూ కనిపించే ఎర్రర్లకు కన్ను అలవాటు పడిపోతుంది. వాటి మధ్యలో నిజమైన ఎర్రర్ వచ్చినా కనపడదు. తీసేయండి.

టీసీపీ ఫిన్ టైమౌట్ కూడా అలాంటిదే. దాన్ని 60 నుంచి 15కు తగ్గిస్తే టైమ్-వెయిట్ తగ్గుతుందని చాలామంది నమ్మకం. తగ్గదు. లైనక్స్‌లో టైమ్-వెయిట్ 60 సెకన్లు, అది కెర్నల్ కోడ్‌లోనే రాసి ఉంది. ఫిన్ టైమౌట్ పని చేసేది ఫిన్-వెయిట్-2 అనే వేరే దశ మీద. నా మాట నమ్మక్కర్లేదు, సాయంత్రం ల్యాబ్‌లో ఆ విలువ 15 చేసి, కనెక్షన్లను చూపించే ఎస్ఎస్ కమాండ్‌కు హైఫన్ ఓ ఇచ్చి టైమర్ చూడండి. ఎక్కడినుంచి తగ్గుతూ వస్తుందో మీరే చూస్తారు.

గ్రబ్ లైన్లో కూడా పాత సామాను ఉంటుంది. క్రాష్ అయినప్పుడు మెమరీని ఫైల్లోకి తీసే కేడంప్ కోసం, క్రాష్‌కెర్నల్ ఈక్వల్స్ ఆటో అని పాత సర్వర్లలో ఉండేది. రాకీ 9, ఆల్మా 9 ఉన్న రెడ్‌హ్యాట్ 9 కుటుంబంలో ఆటో అన్నది లేదు, సైజు చెప్పాలి. పాత లైను తెచ్చి పెట్టారనుకోండి, కేడంప్‌కు మెమరీ దొరకదు. ఎప్పుడు తెలుస్తుంది? సర్వర్ క్రాష్ అయిన రోజున, డంప్ కోసం వెతికినప్పుడు.

ముట్టుకోకముందే ఫోటో తీసుకోండి

సరే, మరి ఎలా చేయాలి? ఇన్‌స్టాల్ అయిన వెంటనే, ఇంకేదీ మార్చకముందు, రూట్‌గా సిస్‌సీటీఎల్ హైఫన్ ఏ కొట్టి మొత్తం ఒక ఫైల్లోకి తీసుకోండి. సీఎమ్‌డీలైన్ కూడా తీసుకోండి. కెర్నల్ వెర్షన్ చెప్పే యూనేమ్ హైఫన్ ఆర్ కూడా. ఆ మూడూ గిట్‌లో పెట్టండి. ఆ అవకాశం మళ్లీ రాదు. ఆర్నెల్ల తర్వాత ఈ విలువ మనం పెట్టిందా, కెర్నల్ ఇచ్చిందా, ఇంకెవరైనా మార్చారా అని ప్రశ్న వస్తే జవాబు ఆ ఫైలే.

ఇక్కడ ఒక మెలిక ఉంది. ముట్టుకోని మెషీన్ అనుకుంటాం గానీ, అప్పటికే దాన్ని కొందరు ముట్టుకుని ఉంటారు. రాకీ 9ని వర్చువల్ మెషీన్‌గా ఇన్‌స్టాల్ చేసి స్వాపీనెస్, అంటే స్వాప్ వైపు ఎంత మొగ్గాలో చెప్పే విలువ, చూడండి. పుస్తకాల్లో 60 అని ఉంటుంది, మీకు 30 కనపడొచ్చు. ఎవరు మార్చారు? టూన్డ్ అనే సర్వీసు. ఇది వర్చువల్ మెషీన్ అని పసిగట్టి వర్చువల్-గెస్ట్ ప్రొఫైల్ వేసుకుంటుంది. టూన్డ్-ఏడీఎమ్ యాక్టివ్ అని కొడితే ఏ ప్రొఫైలో చెబుతుంది. సిస్టమ్‌డీ తన ఫైళ్లు తాను తెస్తుంది. కంటైనర్లు నడిపే డాకర్ వేశారంటే ఐపీ ఫార్వర్డ్‌ను అదే 1 చేసుకుంటుంది. అందుకే ఫోటో ఒకటి చాలదు. కొత్త ప్యాకేజీ ఏది పెట్టినా తర్వాత ఇంకోటి తీసి, డిఫ్ చూడండి. రాండమ్ యూయూఐడీ, తెరిచిన ఫైళ్ల లెక్క, ఇలాంటివి ప్రతిసారీ మారుతూనే ఉంటాయి, వాటిని గ్రెప్‌తో పక్కన పెట్టేయండి. మిగిలిన తేడా చిన్నదే ఉంటుంది, కళ్లతో చదవొచ్చు.

ఇంకో జాగ్రత్త. కొన్ని డిఫాల్టులు మెషీన్‌లో ఉన్న ర్యామ్‌ను బట్టి కెర్నల్ లెక్కేసుకుంటుంది. టీసీపీ మెమ్, థ్రెడ్స్ మ్యాక్స్, కనెక్షన్లను గుర్తుపెట్టుకునే కాన్‌ట్రాక్ మ్యాక్స్ అలాంటివి. 2 జీబీ ల్యాబ్ మెషీన్లో చూసిన అంకె 256 జీబీ సర్వర్లో ఉండదు. కాబట్టి ఫోటో అసలు సర్వర్ మీదే తీసుకోవాలి.

తర్వాత పాత ఫైలు తెరవండి. ప్రతి లైనుకూ మూడు ప్రశ్నలు. ఈ పేరుతో పారామీటర్ ఇప్పుడు ఉందా? ఉంటే ఇప్పటి డిఫాల్ట్ ఎంత? దీన్ని ఎవరు, ఎందుకు పెట్టారు? మూడో ప్రశ్నకు చాలాసార్లు జవాబు దొరకదు. పెట్టినాయన కంపెనీ మారిపోయి ఉంటాడు. కారణం తెలియని లైను కొత్త మెషీన్లోకి రావద్దు. భయం వేస్తుంది, నిజమే. ఏదైనా ఆగిపోతుందేమోనని టెన్షన్. అందుకే కదా పరీక్ష. దాన్ని లేకుండా నడిపి చూడండి, అవసరమైతే కారణంతో సహా తిరిగి పెట్టండి. లైను పైన కామెంట్‌లో ఎందుకు, ఏ తేదీన, ఏ పరీక్ష తర్వాత పెట్టారో రాయండి.

రాసింది నిలబడిందా?

విలువ పెట్టాక మొదటి పరీక్ష చాలా తేలిక. తిరిగి చదవడం. నవ్వకండి, ఇది అవసరం. హ్యూజ్ పేజీలు, అంటే మామూలువాటికన్నా పెద్ద మెమరీ ముక్కలు, తీసుకోండి. వీఎమ్ డాట్ ఎన్ఆర్ హ్యూజ్‌పేజెస్‌కు 1024 రాశారు. ఒక్కో పేజీ 2 ఎంబీ అయితే మొత్తం 2 జీబీ. కమాండ్ ఏ గొడవా లేకుండా ముగుస్తుంది. తిరిగి చదివితే 700 చిల్లరే ఉండొచ్చు. ఎందుకు? వరసగా ఖాళీగా ఉన్న మెమరీ అంతే దొరికింది కాబట్టి. దొరికినంత ఇచ్చి కెర్నల్ ఊరుకుంటుంది. ప్రాక్ కింద మెమ్‌ఇన్ఫో ఫైల్లో హ్యూజ్‌పేజెస్ టోటల్ చూస్తే నిజం తెలుస్తుంది.

ఇందులోనే కొత్త మెషీన్ మనల్ని మోసం చేసే చోటు కూడా ఉంది. ఇప్పుడే ఇన్‌స్టాల్ చేసిన మెషీన్లో మెమరీ అంతా ఖాళీ, ముక్కలు కాలేదు. 1024 అడిగితే 1024 వస్తాయి. పరీక్ష పాస్. అదే కమాండ్‌ను నాలుగు నెలలుగా నడుస్తున్న సర్వర్లో కొడితే రావు. కాబట్టి హ్యూజ్ పేజీలను బూట్ సమయంలోనే తీసుకోవాలి, పరీక్ష కూడా రీబూట్ తర్వాతే చేయాలి.

రీబూట్ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. చేత్తో పెట్టిన సెట్టింగ్ రీబూట్‌తో పోతుందని అందరికీ తెలుసు. ఫైల్లో రాసింది కూడా పోవచ్చని ఎంతమందికి తెలుసు? 2025 ఆగస్టులో డెబియన్ 13 వచ్చింది. అందులో బూట్ అయ్యేటప్పుడు ఈటీసీ స్లాష్ సిస్‌సీటీఎల్ డాట్ కాన్ఫ్ ఫైలును సిస్టమ్‌డీ చదవదు. ఈటీసీ కింద సిస్‌సీటీఎల్ డాట్ డీ డైరెక్టరీలో పెడితేనే చదువుతుంది. మరి మీరు పాత అలవాటు ప్రకారం ఆ ఫైల్లోనే రాసి, సిస్‌సీటీఎల్ హైఫన్ పీ కొట్టారనుకోండి. ఆ కమాండ్ ఆ ఫైలునే చదువుతుంది, విలువలన్నీ పడతాయి, తిరిగి చదివినా సరిగ్గానే ఉంటాయి. అంతా బాగుంది. రీబూట్ కాగానే ఒక్కటీ ఉండదు. పరీక్ష చేసిన కమాండ్ వేరు, బూట్‌లో నడిచేది వేరు. అందుకే రీబూట్ చేయని పరీక్షను నేను పరీక్షగా ఒప్పుకోను.

డాట్ డీ డైరెక్టరీలో ఫైళ్లు పేరు వరసన చదవబడతాయి, ఒకే పారామీటర్ రెండు చోట్ల ఉంటే చివరిది గెలుస్తుంది. మీ ఫైలు పేరు 10తో మొదలై, ఏదో ప్యాకేజీ ఫైలు 50తో ఉంటే మీది ఓడిపోతుంది. సిస్‌సీటీఎల్ హైఫన్ హైఫన్ సిస్టమ్ అని కొడితే ఏ ఫైలు తర్వాత ఏ ఫైలు చదివిందో వరసగా చూపిస్తుంది, అది చూసి నేర్చుకోండి.

మాడ్యూళ్ల, అంటే కెర్నల్‌కు విడిగా తగిలించే భాగాల, గొడవ కూడా ఉంది. కంటైనర్లను చాలా మెషీన్ల మీద నడిపే కుబర్నెటీస్ వాళ్లకు ఇది బాగా తెలుసు. బ్రిడ్జ్ ఎన్ఎఫ్ కాల్ ఐపీటేబుల్స్ అనే పారామీటర్, బీఆర్ నెట్‌ఫిల్టర్ మాడ్యూల్ లోడ్ అయితేనే పుడుతుంది. మాడ్యూల్ లేనప్పుడు ఫైలే ఉండదు. బూట్‌లో సెట్టింగులు రాసే సమయానికి మాడ్యూల్ రాకపోతే ఆ లైను గాలికి పోతుంది. ఆ తర్వాత మాడ్యూల్ వచ్చి తన డిఫాల్ట్‌తో కూర్చుంటుంది. కాన్‌ట్రాక్ కూడా అంతే. మాడ్యూల్స్-లోడ్ డాట్ డీలో పేరు రాసిపెట్టండి, అది సిస్‌సీటీఎల్ కన్నా ముందు నడుస్తుంది.

ఇప్పుడు స్క్రీన్ చూడండి. విలువ నిలబడింది, రీబూట్ తర్వాత కూడా ఉంది. పని చేస్తోందా? సోమాక్స్‌కాన్‌నే మళ్లీ తీసుకుందాం. ఈ మెషీన్లో ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ నడుస్తోంది. సోమాక్స్‌కాన్ 4096. ఎస్ఎస్ హైఫన్ ఎల్ఎన్‌టీ కొడుతున్నాను. లిజన్ వరసలో సెండ్-క్యూ అనే కాలమ్ చూడండి. లిజన్‌లో ఉన్న సాకెట్‌కు ఆ కాలమ్ చెప్పేది క్యూ హద్దు. ఎంత ఉంది? వెనకనుంచి చెప్పండి. 511. మనం పెట్టింది 4096, ఇక్కడేమో 511! ఎందుకు? లైనక్స్ మీద ఇంజిన్‌ఎక్స్ లిజన్ పిలిచేటప్పుడు తానే 511 అడుగుతుంది. కెర్నల్ రెండింటిలో చిన్నది తీసుకుంటుంది. మీరు సోమాక్స్‌కాన్‌ను 65535 చేసినా ఈ పోర్టుకు ఒరిగేది ఏమీ లేదు. ఇంజిన్‌ఎక్స్ కాన్ఫిగ్‌లో లిజన్ లైను పక్కన బ్యాక్‌లాగ్ కూడా పెంచాలి. జావా అప్లికేషన్లు నడిపే టామ్‌క్యాట్ వాళ్లకు యాక్సెప్ట్‌కౌంట్ అని ఉంటుంది, దాని డిఫాల్ట్ 100. జావాలో నేరుగా సర్వర్ సాకెట్ తెరిస్తే 50.

ఇప్పుడు పైథాన్‌లో చిన్న ప్రోగ్రామ్. లిజన్‌కు లక్ష ఇచ్చి, యాక్సెప్ట్ చేయకుండా నిద్రపోతుంది. మళ్లీ ఎస్ఎస్. సెండ్-క్యూ 4096. లక్ష అడిగినా హద్దు దగ్గర కోసేసింది, ప్రోగ్రామ్‌కు ఒక్క మాట కూడా చెప్పలేదు. ఇప్పుడు సోమాక్స్‌కాన్‌ను 8192 చేస్తున్నాను. మళ్లీ ఎస్ఎస్. ఇంకా 4096 అనే ఉంది. చూశారా? అప్పటికే లిజన్‌లో ఉన్న సాకెట్‌కు కొత్త విలువ అంటదు. ప్రోగ్రామ్ రీస్టార్ట్ కావాలి. ఎంతమంది సెట్టింగ్ మార్చి, సర్వీసు రీస్టార్ట్ చేయకుండా, తేడా ఏమీ లేదని రాసేసుకుంటారో!

ఇంకో టెర్మినల్ నుంచి కనెక్షన్లు వదులుతున్నాను. రిసీవ్-క్యూ కాలమ్ పెరుగుతోంది, అది ప్రస్తుతం క్యూలో ఉన్న లెక్క. హద్దు దాటగానే, నెట్‌వర్క్ కౌంటర్లు చూపించే ఎన్‌స్టాట్‌లో లిజన్ ఓవర్‌ఫ్లోస్, లిజన్ డ్రాప్స్ రెండూ కదులుతున్నాయి. పరీక్ష అంటే ఇదీ. ఈ కౌంటర్ ముందు ఎంత, తర్వాత ఎంత. మీ ప్రొడక్షన్ సర్వర్లో ఈ కౌంటర్ సున్నా దగ్గరే ఉందంటే సోమాక్స్‌కాన్‌తో మీకు పని లేదు, ఆ లైను అక్కర్లేదు.

టీసీపీ బఫర్లకు కూడా ఇదే పద్ధతి, కాకపోతే దూరం కావాలి. హైదరాబాద్ నుంచి అమెరికా తూర్పు తీరానికి పోయి రావడానికి 200 మిల్లీసెకన్లు దాటుతుంది. 1 గిగాబిట్ లైను నిండుగా వాడాలంటే ఆ 200 మిల్లీసెకన్లలో దారిలో ఉండే డేటా ఎంత? 25 ఎంబీ. వచ్చే డేటాకు బఫర్ సైజు చెప్పే టీసీపీ ఆర్‌మెమ్‌లో మూడో అంకె, పై హద్దు, రాకీ 9లో 6 ఎంబీ. మొత్తం విండోగా ఇచ్చినా సెకనుకు 30 ఎంబీ, సుమారు 250 మెగాబిట్లు. కెర్నల్ తన లెక్కలకు కొంత అట్టిపెట్టుకుంటుంది కాబట్టి ఇంకా తక్కువే. అక్కడి టీమ్‌కు బ్యాకప్ పంపుతూ గిగాబిట్ లైను కొన్నాం, పావు వంతు కూడా రావట్లేదని తిట్టుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

దీన్ని ఒకే గదిలో ఉన్న రెండు మెషీన్ల మధ్య పరీక్షిస్తే తేడా కనపడదు. అక్కడ ఆలస్యం మిల్లీసెకను కూడా ఉండదు. టీసీ కమాండ్‌లో నెట్‌ఎమ్ వాడి 200 మిల్లీసెకన్లు కలపండి. కలిపేటప్పుడు నెట్‌ఎమ్ లిమిట్ పెంచడం మరవకండి. దాని డిఫాల్ట్ 1000 ప్యాకెట్లు. 25 ఎంబీ అంటే 1500 బైట్ల ప్యాకెట్లు 16 వేలకు పైనే. లిమిట్ అలాగే వదిలేస్తే నెట్‌ఎమ్ ప్యాకెట్లు పారేస్తుంది, మీరేమో బఫర్ సెట్టింగ్ పనిచేయట్లేదని నిర్ణయానికొస్తారు. వేగం కొలిచే ఐపెర్ఫ్ 3 వాడేటప్పుడు హైఫన్ డబ్ల్యూ ఇవ్వకండి. ఇస్తే బఫర్ సైజు ఐపెర్ఫే బిగించేస్తుంది, కెర్నల్ తనంతట తాను పెంచుకునే పద్ధతి ఆగిపోతుంది. అప్పుడు మీరు కొలిచేది మీ సెట్టింగ్‌ను కాదు.

స్వాపీనెస్ గురించి క్లుప్తంగా చెబుతాను, టైమ్ అయిపోతోంది. ఖాళీ మెషీన్ మీద దీన్ని పరీక్షించడం కుదరదు. మెమరీ ఖాళీగా ఉంటే 10 పెట్టినా 100 పెట్టినా ఒకటే. స్ట్రెస్-ఎన్‌జీతో మెమరీ నింపండి, పక్కనే పెద్ద ఫైలు ఒకటి చదివిస్తూ ఉండండి, వీఎమ్‌స్టాట్‌లో ఎస్‌ఐ, ఎస్‌ఓ కాలమ్‌లు, అంటే స్వాప్ నుంచి వచ్చింది, స్వాప్‌కు పోయింది, చూడండి. 0 పెట్టేవాళ్లు జాగ్రత్త. 3.5 కెర్నల్ నుంచి 0 అర్థం మారింది. మెమరీ దాదాపు అయిపోయేదాకా స్వాప్ జోలికి పోదు, ఆ తర్వాత, మెమరీ లేనప్పుడు ప్రోగ్రాములను చంపే ఓఓఎమ్ కిల్లర్ వచ్చి డేటాబేస్‌నే చంపవచ్చు. 5.8 నుంచి ఈ విలువ 200 దాకా వెళ్లొచ్చు, అది కూడా పాత వ్యాసాల్లో ఉండదు.

నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించే పరీక్ష చివరికి మిగిలింది. కెర్నల్ డాట్ పానిక్ డిఫాల్ట్ 0. అంటే కెర్నల్ పానిక్ అయితే, కోలుకోలేని తప్పు వచ్చి పడిపోతే, మెషీన్ అక్కడే ఆగిపోయి నిలబడుతుంది. డేటా సెంటర్‌లో ఎవరో వెళ్లి బటన్ నొక్కేదాకా. 10 పెడితే పది సెకన్ల తర్వాత దానంతట అదే రీబూట్ అవుతుంది. కేడంప్ ఉంటే ముందు డంప్ తీసి తర్వాత రీబూట్ అవుతుంది. ఈ సెట్టింగులు మీలో ఎంతమంది పెట్టారు? చాలామంది. సరే, ఎంతమంది నిజంగా క్రాష్ చేసి చూశారు? ఒకరు, ఇద్దరు. రూట్‌గా ప్రాక్ కింద సిస్‌ఆర్‌క్యూ-ట్రిగ్గర్ ఫైలుకు సీ అనే అక్షరం రాస్తే కెర్నల్ అక్కడికక్కడే క్రాష్ అవుతుంది. తిరిగి లేచాక వార్ స్లాష్ క్రాష్‌లో వీఎమ్‌కోర్ అనే డంప్ ఫైలు ఉందా చూడాలి. డేటా చేరాక, యూజర్లు వచ్చాక ఈ పరీక్షకు ఎవరూ అనుమతి ఇవ్వరు. మేనేజర్ ఇవ్వడు, మీరు అడగను కూడా అడగరు. కొత్త మెషీన్ మీద ఎవరి అనుమతీ అక్కర్లేదు. అది ఖాళీగా ఉన్న ఆ రెండు మూడు రోజులే మీకు దొరికే సమయం. దయచేసి వాడుకోండి. సర్వీసులోకి వెళ్లే ప్రతి మెషీన్‌నూ ఒకసారి పడగొట్టి, అది లేచి నిలబడడం చూశాకే అప్పగించండి.

ప్రశ్నలుంటే అడగండి.

ఆ అమ్మాయి అడిగింది అందరికీ వినపడిందా? మిటిగేషన్స్ ఈక్వల్స్ ఆఫ్ అని గ్రబ్‌లో పెడితే వేగం పెరుగుతుందని విన్నాను, పెట్టొచ్చా అని. 2018 జనవరిలో స్పెక్టర్, మెల్ట్‌డౌన్ అనే ప్రాసెసర్ లోపాలు బయటపడ్డాక వచ్చిన రక్షణలను అది తీసేస్తుంది. కొన్ని పాత ప్రాసెసర్ల మీద వేగం పెరుగుతుంది, నిజమే. కానీ వేరేవాళ్ల కోడ్ నడిచే మెషీన్ మీద, అంటే షేర్డ్ సర్వర్ అయినా, కంటైనర్లు అద్దెకిచ్చే మెషీన్ అయినా, నా మాట వద్దనే. సిస్ డివైసెస్ కింద సీపీయూ వల్నరబిలిటీస్ అనే డైరెక్టరీ ఉంటుంది. ముందు అక్కడ మీ ప్రాసెసర్‌కు ఏవేవి వర్తిస్తాయో చూడమ్మా. కొత్త ప్రాసెసర్లలో చాలావాటికి నాట్ అఫెక్టెడ్ అని ఉంటుంది, అవి ఆఫ్ చేసినా వచ్చే లాభం లేదు. ఇంకో మాట. గ్రబ్ లైన్లో స్పెల్లింగ్ తప్పితే కెర్నల్ ఆగదు, ఆ మాటను ఇనిట్‌కు పంపించేసి ముందుకు పోతుంది. బూట్ అయ్యాక కెర్నల్ మెసేజ్‌లు చూపించే డీమెసేజ్‌లో అన్‌నోన్ అనే పదం కోసం వెతకండి, కొత్త కెర్నల్స్ అక్కడ చెబుతాయి.

ఇంకో ప్రశ్న. కంటైనర్లలో ఇవన్నీ వర్తిస్తాయా? కొన్ని వర్తిస్తాయి, కొన్ని వర్తించవు. నెట్ కింద ఉండేవి చాలావరకు ఒక్కో నెట్‌వర్క్ నేమ్‌స్పేస్‌కు, అంటే కంటైనర్‌కు ఇచ్చే విడి నెట్‌వర్క్ గదికి, విడివిడిగా ఉంటాయి. హోస్ట్ మీద సోమాక్స్‌కాన్ 8192 చేశారు, కంటైనర్ లోపలికి వెళ్లి చదివితే 4096 కనిపిస్తుంది. డాకర్ రన్‌కు హైఫన్ హైఫన్ సిస్‌సీటీఎల్ ఇచ్చి లోపల పెట్టాలి. కుబర్నెటీస్ దీన్ని అన్‌సేఫ్ జాబితాలో ఉంచింది, కాబట్టి నోడ్ మీద, అంటే ఆ మెషీన్ మీద, నడిచే క్యూబ్‌లెట్ అనే ఏజెంట్‌లో అనుమతిస్తేనే పాడ్, అంటే కంటైనర్ల గుంపు, లేస్తుంది. వీఎమ్ డాట్ అని మొదలయ్యే మెమరీ పారామీటర్లు అలా కాదు, అవి మొత్తం మెషీన్‌కు ఒక్కటే. ఎలాస్టిక్‌సెర్చ్ అనే సెర్చ్ సాఫ్ట్‌వేర్ కంటైనర్, వీఎమ్ మ్యాక్స్ మ్యాప్ కౌంట్ 262144 కావాలని ఆగిపోతే హోస్ట్ మీదే పెంచాలి. అక్కడ కూడా ముందు ఎంత ఉందో చూడండి. ఉబుంటు 24.04లో అది ఇప్పటికే 1048576. పాత అలవాటు కొద్దీ 262144 రాస్తే మళ్లీ తగ్గించినట్టే.